హాంకాంగ్ భూగర్భ రైలు: డబ్బెవరిది, పనెవరికి, పూచీ ఎవరిది?

మన దగ్గర మెట్రో మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ‘హాంకాంగ్ మోడల్’ అంటారు. రైలు వెయ్యాలి, డిపోల మీద, స్టేషన్ల మీద భవనాలు కట్టాలి, ఆ అమ్మకాలతో, అద్దెలతో అప్పు తీరాలి, ప్రభుత్వం మీద భారం పడకూడదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మోడల్‌ను ఎవరూ ఒక గదిలో కూర్చుని తెల్ల కాగితం మీద గీసి పెట్టలేదు. బ్రిటిష్ వలసగా ఉన్న ఊళ్లో ఖజానా తాళాలు పట్టుకున్న కొద్దిమంది అధికారులు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు. ఒక పెద్ద కాంట్రాక్టు కళ్లముందే చేజారిపోయింది. ఆ తర్వాత దొరికిన దారిలో నడిచి వాళ్లు చేరుకున్న చోటు అది. ఆ నడక తెలియకుండా చివరి ఫలితాన్ని మాత్రం ఎత్తుకొచ్చి మన ఊళ్లో నాటితే ఎందుకు బతకడం లేదో అర్థం కాదు. అందుకే ఈ కథ చెప్పుకోవాలి.

ముందు ఊరిని చూద్దాం. 1960లలో హాంకాంగ్ జనాభా నలభై లక్షలకు దగ్గరపడింది. ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం. మధ్యలో ఉన్న కాస్త చదును నేల మీదే ఇళ్లు, ఫ్యాక్టరీలు, బజార్లు. హాంకాంగ్ ద్వీపానికీ, దానికి ఎదురుగా ప్రధాన భూభాగం మీదున్న కౌలూన్‌కూ నడుమ నౌకాశ్రయం. 1972 ఆగస్టులో రోడ్డు సొరంగం తెరిచేదాకా కార్లు, లారీలు కూడా ఫెర్రీ ఎక్కి దాటాల్సిందే. రోడ్లు వెడల్పు చేద్దామంటే జాగా లేదు. 1967లో వచ్చిన ఒక రవాణా అధ్యయనం, ఇలాంటి ఊరికి భూమి కింద రైలు తప్ప మార్గం లేదని చెప్పి, నలభై మైళ్ల (సుమారు 64 కిలోమీటర్ల) మార్గాలు గీసింది. ఫ్రీమన్ ఫాక్స్, విల్బర్ స్మిత్ అనే ఇంజనీరింగ్ సలహాదారులు చేసిన పని అది. ఆ లెక్కల మీద తడి ఆరకముందే రెండు జనగణనల నడుమ 1966లో చేసిన జనాభా లెక్క వాటిని తారుమారు చేసింది. 1986 నాటికి ఉంటారనుకున్న జనాభాను పది లక్షలకు పైగా తగ్గించాల్సి వచ్చింది. మళ్లీ అధ్యయనం, 1970లో మళ్లీ నివేదిక. ఈసారి సుమారు 52 కిలోమీటర్లు. అందులోంచి మొదటి విడతగా 20 కిలోమీటర్లు విడదీసి, 1972లో ప్రభుత్వం సూత్రప్రాయంగా సరేనంది.

సరేననడం తేలిక. డబ్బెక్కడిది అన్నదగ్గరే ముడి పడింది.

ఈ ముడి విప్పాలంటే అప్పటి హాంకాంగ్ పాలన ఎలా ఉండేదో కాస్త తెలియాలి. పేరుకు వలస. కానీ 1958 నుంచి బడ్జెట్‌కు లండన్ ఆమోదం అక్కర్లేదు. దాని తిరకాసు ఏమిటంటే, లండన్ నుంచి పైసా సాయం కూడా రాదు. ఊరి ఖర్చు ఊరే పెట్టుకోవాలి. పైగా బ్రిటిష్ సైన్యం అక్కడ ఉన్నందుకయ్యే ఖర్చులోనూ వాటా కట్టాలి. 1975లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ వాటా సగం దగ్గర మొదలై 75 శాతం దాకా వెళ్లింది. శాసనమండలిలో ఎన్నికైన సభ్యుడు ఒక్కడూ లేడు. తొలి ఎన్నిక 1985లో గానీ జరగలేదు. అంటే, తరాల మీద పడే అప్పు చేయాలా వద్దా అన్న ప్రశ్నను గవర్నరు, ఆర్థిక కార్యదర్శి, వాళ్లు నియమించిన పెద్దమనుషులు తేల్చారు. టికెట్టు కొనాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు.

అడగకపోయినా, వాళ్లకు ఆ మనిషి కోపం గుర్తుంది. 1966 ఏప్రిల్‌లో, నౌకాశ్రయం దాటించే స్టార్ ఫెర్రీలో మొదటి తరగతి టికెట్టు ఐదు సెంట్లు పెరగబోతోందన్న వార్త మీద ఒక యువకుడు కోటు మీద నినాదం రాసుకుని రేవు దగ్గర నిరాహారదీక్షకు కూర్చున్నాడు. అతన్ని అరెస్టు చేశారు. ఆ తర్వాత కొన్ని రాత్రులు కౌలూన్ వీధులు తగలబడ్డాయి. ఐదు సెంట్లు! ఆ మరుసటి ఏడాది అంతకన్నా పెద్ద అల్లర్లు. కాబట్టి రైలు ఛార్జీ ఎంత పెట్టాలన్నది ఆ అధికారులకు లెక్కల పుస్తకంలోని అంకె మాత్రమే కాదు. ఛార్జీ తక్కువ పెడితే అప్పు తీరదు, ఎక్కువ పెడితే ఊరు ఊరుకోదు. ఈ రెండింటి మధ్యనే తర్వాతి చర్చంతా నడిచింది.

1961 నుంచి 1971 దాకా ఆర్థిక కార్యదర్శిగా ఉన్న జాన్ కౌపర్త్‌వెయిట్ ప్రభుత్వం వ్యాపారంలో వేలు పెట్టకూడదనే మనిషి. ఆయన తర్వాత వచ్చిన ఫిలిప్ హ్యాడన్-కేవ్‌దీ అదే బడి. ఆయన దానికి పెట్టిన పేరు ‘పాజిటివ్ నాన్-ఇంటర్వెన్షనిజం’. జోక్యం చేసుకోకపోవడమే మంచిదని, తప్పనిసరైతేనే చేసుకోవాలని దాని సారాంశం. అలాంటి మనిషి బల్ల మీదికి ఆ ఊరి చరిత్రలోనే అతిపెద్ద నిర్మాణపు ఫైలు వచ్చింది. అదే సమయంలో గవర్నర్ ముర్రే మాక్లెహోస్ 1972లో పదేళ్లలో 18 లక్షల మందికి ఇళ్లు కట్టిస్తామని ప్రకటించాడు. ఇళ్లకు డబ్బు కావాలి, బడులకు కావాలి, సైన్యానికి కావాలి. ఇక రైలు కోసం ఖజానా తలుపులు బార్లా తెరిచే ప్రశ్నే లేదు. హ్యాడన్-కేవ్‌కు కావలసింది ఒక్కటే: ఈ పని ఎంతలో తెములుతుందో ముందే తెలియాలి, ఆ అంకె దాటకూడదు.

ఆ కోరిక నుంచే ఒకే కాంట్రాక్టు ఆలోచన పుట్టింది.

మనం ఇల్లు కట్టించుకునేటప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు ఇంత అని ఒకడికి అప్పజెప్పి తాళంచెవులు తీసుకోవచ్చు. లేదా సిమెంటు, ఇనుము, ఇసుక మనమే కొనుక్కుని, మేస్త్రీకి లేబర్ కాంట్రాక్టు, కరెంటు పని ఒకరికి, ప్లంబింగ్ ఇంకొకరికి ఇవ్వచ్చు. మొదటి దారిలో నిద్ర పడుతుంది. ఇనుము ధర పెరిగితే వాడి తలనొప్పి. రెండో దారిలో తక్కువలో అవ్వచ్చు, నాణ్యత మన చేతుల్లో ఉంటుంది, కానీ ధర పెరిగితే మనకే దెబ్బ. పైగా ఒకరి పని ఆలస్యమైతే మిగతావాళ్లంతా మన ముఖం చూస్తూ కూర్చుంటారు. హాంకాంగ్ ప్రభుత్వం మొదటి దారి పట్టింది. సొరంగాలు, స్టేషన్లు, పట్టాలు, సిగ్నళ్లు, రైలు పెట్టెలు అన్నీ కలిపి ఒకే మూటగా కట్టి, అంతర్జాతీయ కూటముల నుంచి ధరలు అడిగింది. బరిలో నాలుగు కూటములు నిలిచాయి.

ఇక్కడ లండన్ ఆశలు కూడా లెక్కలోకి వస్తాయి. డబ్బు ఇవ్వకపోయినా, బ్రిటిష్ ఫ్యాక్టరీలకు ఆర్డర్లు రావాలన్న కోరిక లండన్‌కు ఉండటం సహజం. వలస అంటే ఇంటి సొమ్ము అనుకునే అలవాటు ఒక్కసారిగా పోదు. కానీ హాంకాంగ్ అధికారులకు 1967 నవంబరు గుర్తుంది. అప్పుడు బ్రిటన్ పౌండు విలువను 14.3 శాతం తగ్గించినప్పుడు, పౌండ్లలో దాచుకున్న హాంకాంగ్ నిల్వలు రాత్రికి రాత్రి కరిగిపోయాయి. సొంత ఖజానా, సొంత అప్పు, కాబట్టి నిర్ణయం కూడా సొంతమే అన్న పట్టుదల ఆ వలస అధికారుల్లో, వాళ్లు బ్రిటిష్ వాళ్లే అయినా, గట్టిగా కనిపిస్తుంది. 1974 తొలినాళ్లలో వాళ్లు లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇచ్చింది జపాన్ కూటమికి. ధర 500 కోట్ల హాంకాంగ్ డాలర్లు మించకూడదు. అప్పటి మారకంలో దాదాపు వంద కోట్ల అమెరికన్ డాలర్లు. వలస ప్రభుత్వం అనగానే మాతృదేశానికి దోచిపెట్టేదన్న ఒక్క బొమ్మే మన మనసులో ఉంటుంది. మన అనుభవం అలాంటిది. కానీ ఈ ఒక్క నిర్ణయం ఆ బొమ్మలో ఇమడదు.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1973లో పీటర్ గాడ్‌బర్ అనే సీనియర్ పోలీసు అధికారి లెక్క చూపలేని ఆస్తులతో దొరికి, విచారణ సాగుతుండగానే దేశం దాటిపోయాడు. ఊరు భగ్గుమంది. 1974 ఫిబ్రవరిలో అవినీతి నిరోధానికి స్వతంత్ర కమిషన్ ఏర్పడింది. అలాంటి గాలిలో ఇంత పెద్ద పనిని ఒకే కూటమికి అప్పగించాలంటే, ఎందుకిచ్చామో చూపించడానికి ఒక స్పష్టమైన అంకె ఉండాలి. గరిష్ఠ ధర అలాంటి అంకె. ఆ కాగితానికి అంత విలువ రావడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ అంకె ఏడాది కూడా నిలవలేదు

లెటర్ ఆఫ్ ఇంటెంట్ అంటే కాంట్రాక్టు కాదు. మీకే ఇద్దామనుకుంటున్నాం, వివరాలు మాట్లాడుకుందాం రండి అని చెప్పే కాగితం. సంతకాలకు ముందు నెలల తరబడి బేరాలు సాగుతాయి. ఈ బేరాలు సాగుతున్న రోజులు ఎలాంటివో చూడండి. 1973 అక్టోబరులో మొదలైన చమురు సంక్షోభంతో, బ్యారెల్ మూడు డాలర్ల దగ్గర ఉన్నది కొన్ని నెలల్లోనే పన్నెండుకు చేరువైంది. ఉక్కు, సిమెంటు, ఓడ కిరాయి అన్నీ దానితో పాటే ఎగిరాయి. జపాన్ చమురంతా దిగుమతే కాబట్టి అక్కడ ధరలు మరీ మండాయి. హాంకాంగ్‌లో షేర్ మార్కెట్ అప్పటికే కూలుతోంది. 1973 మార్చిలో 1774 దాకా ఎక్కిన హాంగ్ సెంగ్ సూచీ 1974 డిసెంబరులో 150కి పడింది. వందలో తొంభైకి పైగా ఆవిరి. ఇళ్లు తాకట్టు పెట్టి షేర్లు కొన్నవాళ్లు రోడ్డున పడ్డారు.

500 కోట్లు దాటకుండా కడతామన్న మాట ఆ ధరల్లో జపాన్ సంస్థలకు ఉరితాడు అయ్యింది. ధరలు పెరిగితే ఆ మేరకు బిల్లు పెంచుకునే షరతు కాంట్రాక్టులో ఉంటే కథ వేరు. దాన్నే మన టెండర్లలో ఎస్కలేషన్ క్లాజు అంటారు. కానీ ఆ షరతు పెడితే గరిష్ఠ ధర అన్న మాటకే అర్థం లేదు. ప్రభుత్వం ఆ అంకె కోసమే కదా ఇంత దూరం వచ్చింది. ఇద్దరూ వెనక్కి తగ్గలేని చోట ఇరుక్కున్నారు. 1974 గడిచి 1975 జనవరి వచ్చేసరికి జపాన్ కూటమి తప్పుకుంది.

ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఈ కథలో నాకు ముఖ్యమైనది ఇదే. ధర పెరిగే ప్రమాదాన్ని కాగితం మీద కాంట్రాక్టరుకు బదిలీ చేశామని అధికారులు నమ్మారు. ఆ ప్రమాదం మోయగలిగినంత చిన్నగా ఉన్నన్నాళ్లే కాంట్రాక్టరు మోస్తాడు. మోయలేనంత పెద్దదైతే దించేసి వెళ్లిపోతాడు. సంతకం అయ్యాక వెళ్తే దావాలు, సంతకానికి ముందు వెళ్తే ఒక ఉత్తరం, అంతే తేడా. వాడు వదిలిన బరువు రైలు అవసరమైన వాడి తల మీదే, అంటే ఊరి తల మీదే, వచ్చి పడుతుంది. ఇల్లు సగంలో ఉండగా మేస్త్రీ ఫోన్ ఎత్తడం మానేస్తే ఇంటాయన పరిస్థితి ఏమిటో కట్టించినవాళ్లకు తెలుసు.

అక్కడితో ఫైలు మూసేసి ఉండవచ్చు. ఖజానా లోటులో ఉంది, ఊరు దిగాలుగా ఉంది. అలా మూసేసిన వలస రైళ్లు ఉన్నాయి కూడా. కలకత్తాలో 1920ల మొదట్లోనే హుగ్లీ కింద నుంచి హౌరాను కలిపే ట్యూబ్ రైలుకు లండన్ ఇంజనీరు హార్లీ డాల్రింపుల్-హే నక్షా గీశాడు. డబ్బు దొరకక అది కాగితం మీదే ఉండిపోయింది. చివరికి 1931లో ఆయన ఆ నది కింద తవ్వించింది కరెంటు తీగలు పోవడానికి ఒక సొరంగం. నది కింద మనుషులను మోసే రైలు రావడానికి 2024 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

హాంకాంగ్‌లో ఫైలు మూయలేదు. దాన్ని చీల్చారు.

ముందు మార్గాన్ని కోశారు. 20 కిలోమీటర్లది 15.6 అయింది. క్వున్ టాంగ్ పారిశ్రామికవాడ నుంచి కౌలూన్‌లోని నేథన్ రోడ్డు కిందుగా, నౌకాశ్రయం దాటి, ద్వీపం మీది చేటర్ స్టేషన్ (ఇప్పటి సెంట్రల్) దాకా 15 స్టేషన్లు. తర్వాత కాంట్రాక్టును ముక్కలు చేశారు. ఒక సొరంగం ఒకరికి, ఒక స్టేషన్ ఇంకొకరికి, రైలు పెట్టెలు వేరొకరికి. అప్పటిదాకా పనులు చూస్తున్న తాత్కాలిక అథారిటీ స్థానంలో 1975 సెప్టెంబరు 26న ప్రభుత్వమే యజమానిగా మాస్ ట్రాన్సిట్ రైల్వే కార్పొరేషన్ పెట్టారు. నార్మన్ థాంప్సన్ ఛైర్మన్. వివేకం గల వ్యాపార సూత్రాల మీద నడవాలని చట్టంలోనే రాశారు. అంటే రోజువారీ నష్టాలకు ఖజానా వైపు చూడొద్దని.

ముక్కలు చేయడం వల్ల పని చూసుకునే తలనొప్పి పెరిగింది. కానీ డబ్బు దగ్గర ఊహించని మేలు జరిగింది. ఇది కాస్త సాంకేతికమైన సంగతి, అయినా చెప్పాలి. పెద్ద దేశాలు తమ ఫ్యాక్టరీల సరుకు విదేశాల్లో అమ్ముడుపోవాలని, కొనేవాడికి అప్పు ఇచ్చే బ్యాంకులకు పూచీ పడతాయి. బ్రిటన్‌లో అప్పట్లో ఆ పని చేసేది ఎక్స్‌పోర్ట్ క్రెడిట్స్ గ్యారంటీ డిపార్ట్‌మెంట్. మా రైళ్లు కొంటే మా బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది, బ్యాంకుకు మా ప్రభుత్వం హామీ ఉంటుంది అన్నమాట. టీవీ షాపువాడే వాయిదాల ఏర్పాటు చూపించినట్టు. అంతా ఒకే కూటమికి ఇస్తే అప్పు ప్రధానంగా ఆ ఒక్క దేశపు తలుపు దగ్గరే అడగాలి. ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకూ ఒక్కో దేశం అప్పుతో సహా వస్తుంది. ప్రపంచమంతా మందగించి ఫ్యాక్టరీలు ఆర్డర్ల కోసం అల్లాడుతున్న 1975లో ఆ పోటీ మరీ ఎక్కువ. లండన్ కోరుకున్న ఆర్డర్లు ఈ దారిలో దక్కాయి. రైలు పెట్టెలు బర్మింగ్‌హామ్‌లోని మెట్రో-క్యామెల్ చేసింది. అది వలస హక్కుగా రాలేదు, అప్పు జతచేసిన బేరంగా వచ్చింది. తప్పుకున్న కూటమిలాగా మొత్తం మోయాల్సిన పని లేకపోయేసరికి జపాన్ సంస్థలు కూడా విడివిడిగా తిరిగొచ్చాయి. నౌకాశ్రయం అడుగున సొరంగం పని కుమగాయ్ గుమికి దక్కింది.

ఇక అప్పుల మీద పూచీ సంతకం? కార్పొరేషన్ కొత్తది, దాని పేరు మీద ఎవరూ అప్పివ్వరు. వెనక ప్రభుత్వమే గ్యారంటీగా నిలబడింది. ఖజానా మీద అంకెకు మించి భారం పడకూడదన్న చోట మొదలైన చర్చ, ఖజానా పూచీ లేకుండా పలుగు కూడా లేవదన్న చోట ఆగింది. అధికారులు దాన్ని దాచలేదు, శాసనమండలి ముందు పెట్టి ఆమోదం తీసుకున్నారు. ఎన్నిక కాని మండలే అయినా, అంకెలు బయటికి చెప్పారు. అది గౌరవించదగ్గ విషయం.

నేల మాట

నేల సంగతి ఇప్పుడు వస్తుంది. హాంకాంగ్‌లో దాదాపు నేలంతా ప్రభుత్వానిదే, జనానికి లీజుకు ఇస్తుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే మిగతా అంతా అర్థమవుతుంది. రైలు వస్తోందంటే పక్కనున్న జాగా ధర పెరుగుతుంది. మామూలుగా ఆ లాభం ముందే కొని పెట్టుకున్న వాడికి పోతుంది. ఇక్కడ డిపో పైన, స్టేషన్ల పైన కట్టుకునే హక్కును ప్రభుత్వం తన సొంత కార్పొరేషన్‌కే ఇచ్చింది. కార్పొరేషన్ బిల్డర్లను కలుపుకుంది. కట్టుబడి ఖర్చు వాళ్లది, లాభంలో వాటా దీనిది. కౌలూన్ బే డిపోకు పైకప్పు వేసి, ఆ కప్పు మీద టెల్ఫోర్డ్ గార్డెన్స్ కట్టారు. 41 భవనాలు, దాదాపు 5000 ఫ్లాట్లు. కింద రైళ్లు కడుగుతుంటారు, పైన పిల్లలు బడికి తయారవుతుంటారు. ఆ లాభం మొదటి మార్గం మొత్తానికి పెట్టుబడి ఏమీ కాదు. పెద్ద భాగం అప్పే, దాన్ని తీర్చింది ముఖ్యంగా టికెట్లే. నేల ఆ అప్పు బరువును తేలిక చేసింది.

మన హైదరాబాద్‌లో ఈ వరుస తలకిందులైంది. 2008లో, సత్యం కంప్యూటర్స్ రాజు కుటుంబానికి చెందిన మేటాస్ నాయకత్వంలోని కూటమి, ప్రభుత్వం నుంచి సాయం తీసుకోకపోగా ఎదురు 30,311 కోట్ల రూపాయలు కడతామని ముందుకొచ్చింది. ఆ ఆశంతా నేల మీదే. ఢిల్లీ మెట్రో అధిపతి ఈ. శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాసి ఇది సరికాదని హెచ్చరించారు. 2009లో సత్యం కుంభకోణంతో ఆ కూటమి కుప్పకూలింది, కాంట్రాక్టు రద్దయింది. మళ్లీ టెండర్లు పిలిస్తే 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి పని తీసుకుంది. 2017 నవంబరులో రైలు నడిచింది. 2025 సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా ఆ మెట్రోను తానే తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అంగీకారానికి వచ్చింది. హాంకాంగ్‌లో నేల, అప్పు, నష్టం మూడూ మొదటి నుంచీ ఒకే యజమాని కింద ఉన్నాయి. మన దగ్గర నేల హక్కులు ప్రైవేటు చేతికి వెళ్లి, అప్పు పదిహేనేళ్లకు ప్రభుత్వం గుమ్మంలోకి నడిచొచ్చింది. పేరు ఒకటే పెట్టుకున్నా ఇవి రెండు వేర్వేరు వస్తువులు.

మళ్లీ కౌలూన్‌కు వెళ్దాం. 1975 నవంబరులో తవ్వకం మొదలైంది. నేథన్ రోడ్డు ఆ ఊరికి ప్రాణనాడి. బట్టల దుకాణాలు, నగల కొట్లు, హోటళ్లు, వాటి మీద దొంతర్లుగా నియాన్ బోర్డులు. ఆ రోడ్డును మూసేస్తే ఊరు ఆగిపోతుంది. అందుకని సగం సగంగా తవ్వి, గుంత మీద తాత్కాలికంగా పలకలు పరిచి, వాటి మీదుగా డబుల్ డెక్కర్ బస్సులు నడిపారు. పలకల మీద చక్రాల దడదడ, కింద మట్టి తోడే మనుషులు. దుకాణదారులు దుమ్ముతో, పడిపోయిన బేరాలతో ఏళ్ల తరబడి సర్దుకుపోయారు. 500 కోట్లు, 580 కోట్లు అని లెక్కలు చెప్పుకునేటప్పుడు ఆ కొట్లవాళ్ల నష్టం ఏ పద్దులోనూ కనిపించదు. నాకు అది బాధగా ఉంటుంది.

580 కోట్లు అన్నాను కదా, చివరికి ఆ 15.6 కిలోమీటర్లకు తేలిన లెక్క అది. 20 కిలోమీటర్లకు 500 కోట్లన్న పాత అంకెతో పోలిస్తే తక్కువ దూరానికి ఎక్కువ డబ్బు. కానీ ఆ పాత ధరకు కట్టగలవాడు ఎవడూ మిగల్లేదు కాబట్టి, ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరినో తప్పుపట్టడం న్యాయం కాదు.

1979 అక్టోబరు 1న షెక్ కిప్ మేయ్ నుంచి క్వున్ టాంగ్‌కు మొదటి ప్రయాణికులు ఎక్కారు. షెక్ కిప్ మేయ్ అంటే 1953 క్రిస్మస్ రాత్రి గుడిసెలు కాలి యాభై వేల మందికి పైగా నిలువ నీడ కోల్పోయిన చోటు. డిసెంబరులో రైలు చిమ్ షా చుయ్ దాకా వచ్చింది. 1980 ఫిబ్రవరి 12న బర్మింగ్‌హామ్ పెట్టెలు, జపాన్ సంస్థ నీటి అడుగున అతికించిన గొట్టాల్లోంచి, హాంకాంగ్ ఖజానా పూచీ మీద తెచ్చిన అప్పుతో, నౌకాశ్రయం దాటి చేటర్ స్టేషన్‌లో ఆగాయి. అప్పుడు పైన, నీటి మీద, స్టార్ ఫెర్రీ ఎప్పటిలాగే జనాన్ని దాటిస్తోంది.